జీను వేయబోతే కరుస్తున్న గుర్రం: మత్తు మందు వద్దు, గడ్డి పెంచండి

ప్రశ్న: మాది మొయినాబాద్ దగ్గర ఐదు గుర్రాలున్న చిన్న రైడింగ్ స్కూలు. రేసుల నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల ఆడగుర్రం (సుమారు 430 కిలోలు) రెండు నెలలుగా జీను బిగించబోతే చెవులు వెనక్కి వాల్చి కరవడానికి వస్తోంది. క్యాంటర్ (మెల్లటి పరుగు)లోకి తీసుకోగానే వెనక కాళ్లు ఎగరేస్తోంది. పోయిన వారం ఒక పాప కింద పడింది. ట్రైనర్ ఇది మొండితనం, గట్టి బిట్ (నోట్లో పెట్టే కళ్లెం కడ్డీ) వేస్తే దారికొస్తుంది అంటున్నాడు. మందుల షాపులో కాల్షియం, నొప్పి ఇంజక్షన్లు ఇచ్చారు. రెండు రోజులు బాగుంది, మళ్లీ మామూలే. ఒళ్లు కూడా తగ్గింది. రెండు పూటలా కలిపి 5 కిలోల దాణా (శనగలు, బార్లీ, గోధుమ తవుడు), 4 కిలోల ఎండుగడ్డి పెడుతున్నాం. క్లాసులు ఉదయం ఆరింటికి, దాణాకు ముందే. క్లాసుకు ముందు కొద్దిగా మత్తు మందు ఇవ్వొచ్చా?
– రైడింగ్ స్కూలు నిర్వాహకుడు, రంగారెడ్డి జిల్లా

జవాబు: మత్తు మందు వద్దే వద్దు. మత్తులో ఉన్న గుర్రం కాళ్లు తడబడి పడిపోతుంది, పైన ఉండేది పిల్లలు. బిట్ కూడా మార్చకండి.

నొప్పి ఇంజక్షన్‌కు రెండు రోజులు బాగుందని మీరే రాశారు. మొండితనం నొప్పి మందుకు తగ్గదు. ఈ గుర్రానికి ఎక్కడో నొప్పి ఉంది. ఒళ్లు తగ్గడం, తంగు (పొట్ట కింద జీను పట్టీ) బిగిస్తే కరవడం, గడ్డి తక్కువ, దాణా ఎక్కువ, పరగడుపున పరుగు... ఇవన్నీ చూస్తే కడుపులో పుండ్లు (అల్సర్లు) ఉన్నాయని నా అనుమానం. దాంతో పాటు వీపు నొప్పి కూడా ఉండి ఉండొచ్చు. ఎద సమయంలో మాత్రమే, అంటే మూడు వారాలకోసారి ఇలా చేస్తుంటే వేరే సంగతి. మీరు రెండు నెలలుగా అంటున్నారు.

గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా రాత్రింబగళ్లు ఊరుతూనే ఉంటుంది. దాన్ని విరిచేది నమిలేటప్పుడు వచ్చే లాలాజలం. మీ నాలుగు కిలోల గడ్డి రాత్రి ఎనిమిదికల్లా అయిపోతుంది. తెల్లవారేదాకా కడుపు ఖాళీ. ఆ ఖాళీ కడుపుతో ట్రాట్ (దుడుకు నడక), క్యాంటర్ చేయిస్తే ఆమ్లం ఎగిరి, రక్షణ పొర లేని పైభాగం మీద పడుతుంది.

మందు: ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ఒమెప్రజోల్, కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు. మీ గుర్రానికి 1,720 మిల్లీగ్రాములు, రోజుకొకసారి, ఉదయం పరగడుపున, మేతకు 30 నుంచి 60 నిమిషాల ముందు, 28 రోజులు. గుర్రాల కోసం తయారైన పేస్టే వాడండి. మనుషుల క్యాప్సూల్ విప్పి గుళికలు నూరిపోస్తే మందు కడుపులోని ఆమ్లానికే పాడైపోతుంది. నాలుగో రోజే బాగుందని ఆపేయకండి. 28 రోజుల తర్వాత సగం డోసు మరో రెండు వారాలు ఇచ్చి మానండి. మొదలుపెట్టే ముందు మీ పశువైద్యుడు గుర్రాన్ని స్వయంగా చూడాలి.

మేత మార్చకుండా మందు ఒక్కటే వాడితే పుండ్లు మళ్లీ వస్తాయి. ఎండుగడ్డి రోజుకు 8.5 కిలోలకు తక్కువ కాకుండా నాలుగు విడతలుగా వేయండి, అందులో పెద్ద వాటా రాత్రి పదింటికి. వరిగడ్డి ఒక్కటే వేస్తే లాభం లేదు. దాణా 2.5 కిలోలకు దించి మూడు పూటలుగా పంచండి. ఈ మార్పు పది రోజుల్లో మెల్లగా జరగాలి, ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వస్తుంది. క్లాసుకు అరగంట ముందు అర కిలో ఎండు లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) కత్తిరించి పెట్టండి. అందులోని కాల్షియం, మాంసకృత్తులు ఆమ్లాన్ని విరుస్తాయి. మీరు సీసాల్లో కొన్న కాల్షియం కంటే ఇదే పనికొస్తుంది.

ఇప్పుడు ఆ షాపు సంగతి. గుర్రాన్ని చూడకుండా కౌంటరు మీద నొప్పి ఇంజక్షన్ ఎలా ఇస్తారు? ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందులు పదే పదే వాడితే కడుపులో పుండ్లు అవే తెస్తాయి. పైగా ఆ ఇంజక్షన్‌ను రక్తనాళంలోకే ఇవ్వాలి. సూది పక్కకు జారి మందు బయటికి పోతే మెడ కండ చచ్చి ఊడిపోతుంది. అలా మెడ మీద అరచేయంత పుండుతో వచ్చిన గుర్రానికి నేను రెండు నెలలు కట్లు కట్టాను. ఇచ్చింది ఒక సైసు (గుర్రాలను చూసుకునే పనివాడు), చెప్పింది ఒక షాపువాడు. దయచేసి ఈ పని ఆపండి.

ఇంత రాశారు కానీ టెటనస్ (ధనుర్వాతం) టీకా ఊసే లేదు. పశువులన్నిటిలో టెటనస్‌కు తేలిగ్గా చిక్కేది గుర్రమే. పేడ కలిసిన మీ రింగు మట్టిలో ఆ క్రిములు ఉంటాయి. మేకు దిగినా, సూది గుచ్చిన చోట చెడినా చాలు. అయిదు గుర్రాలకూ నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాత ఏటా ఒకటి వేయించండి. ఇది వాయిదా వేయొద్దు.

వీపు మీరే చూడొచ్చు. వెన్నెముకకు రెండు పక్కలా మూపు నుంచి నడుము దాకా వేళ్లతో నొక్కుతూ వెళ్లండి. ఎక్కడ ఒళ్లు కుంచించుకుంటుందో గుర్తుపెట్టుకోండి. రైడింగ్ అయ్యాక జీను తీస్తే వీపంతా చెమటతో తడిసి, మధ్యలో అరచేయంత పొడి మచ్చ కనిపిస్తే, జీను అక్కడ ఒత్తుతుండొచ్చు. మూపు మీద తెల్ల వెంట్రుకలు పాత ఒత్తిడికి గుర్తు. మనిషి, జీను కలిపి 86 కిలోలు దాటకూడదు. పళ్లు కూడా చూపించండి. దవడ పళ్ల అంచులు కత్తిలా పదునెక్కి బుగ్గ కోస్తుంటే ఏ బిట్ వేసినా తల విసురుతుంది.

ట్రైనర్‌కు ఒక మాట. నొప్పి తగ్గినా గుర్రానికి ఆ జ్ఞాపకం పోదు. మొదటి రెండు వారాలు స్వారీ లేకుండా చేత్తో నడిపించండి. ఆ తర్వాత లూసర్న్ తింటుండగా జీను పెట్టి, తంగు బిగించకుండానే తీసేయండి. అలా కొన్ని రోజులు చేశాక తంగును మూడు విడతలుగా, మధ్యలో నాలుగడుగులు నడిపిస్తూ బిగించండి. ట్రైనర్ స్వయంగా పది రోజులు ఎక్కి, ఒక్కసారి కూడా ఎగరేయకపోతేనే పిల్లల్ని ఎక్కించండి.

ఈలోగా కాలితో నేల గోకడం, పొట్ట వైపు తిరిగి తిరిగి చూడటం, పేడ వేయకపోవడం కనిపిస్తే గంటలో డాక్టరు రావాలి. 28 రోజులు వాడినా మార్పు లేకపోతే గుర్రాల కడుపు దాకా వెళ్లే మూడు మీటర్ల ఎండోస్కోపు (కెమెరా గొట్టం) ఉన్న చోటికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు జీను కూడా వెంట తీసుకెళ్లండి.