నాటిక పేరు సిఫారసు చేసే ముందు

చి. అమ్మలుకి ఆశీస్సులు.

ఇప్పుడు రాస్తున్న రచయితల చిన్న నాటికలు చదివి, వేయదగినవేవో చెప్పే పని మీ బృందం నీకు అప్పజెప్పిందన్నావు. మంచి పనే. కానీ ఈ పని తీసుకున్నవాళ్ళు చాలామంది చదివినవాటిలో నచ్చిన పేర్లు రాసి ఇచ్చేసి ఊరుకుంటారు. డైరెక్టరు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు, అంతటితో సరి. "బాగుంది" అన్న మాట అతనికి పనికిరాదు. ఎంతమంది ఆర్టిస్టులు, ఎన్ని నిమిషాలు, స్టేజీ మీద ఏమేం ఉండాలి, ఎక్కడ కాలు జారుతుంది, అనుమతి ఎవరినడగాలి? ఈ ఐదింటికీ జవాబు ఉంటేనే అది సిఫారసు.

అందుకని స్క్రిప్టు తెరవకముందే బృందాన్ని అడిగి నాలుగు విషయాలు రాసుకో. రిహార్సల్స్‌కి నమ్మకంగా వచ్చే ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు, ఏ వయసువాళ్ళు. స్టేజీ ఎంత పెద్దది, ఎంట్రీలు ఎన్ని వైపుల నుంచి వీలు. లైట్లు, సౌండు చూసుకునే మనిషి ఉన్నాడా. వేసేది ఒక్క నాటికా, వరసగా నాలుగైదా. వరసగా వేసేటప్పుడు లెక్క ముందే చూసుకోవాలి. పన్నెండు నిమిషాలవి ఆరు వేస్తే 72 నిమిషాలు. మధ్యలో సామాను మార్చడానికి రెండేసి నిమిషాలు, ఐదుసార్లకి పది. మొత్తం 82. గంటన్నర కార్యక్రమంలో ఇక మిగిలింది ఎనిమిది నిమిషాలే. "పన్నెండు" అని రాసిన ప్రతిదీ పదహారు నిమిషాలు నడిచిందనుకో, 24 నిమిషాలు ఎక్కువై చివరి నాటిక ఖాళీ కుర్చీల ముందు ఆడాల్సి వస్తుంది. కాబట్టి స్క్రిప్టు అట్ట మీద రచయిత వేసిన నిడివిని ఎప్పుడూ నమ్మకు. రచయితలు తమ నాటికని మనసులో చదువుకుని లెక్క వేస్తారు.

చదవడం మూడుసార్లు. మొదటిసారి కూర్చున్న చోటి నుంచి లేవకుండా, పెన్సిలు పట్టకుండా, ప్రేక్షకుడిలా చదువు. పది నిమిషాల నాటికలో రెండో పేజీ తిరిగేలోగా ఎవరికి ఏం కావాలో, దానికి అడ్డం ఏమిటో అందాలి. అందకపోతే ఆ పేజీ దగ్గర చిన్న మడత పెట్టి ముందుకు వెళ్ళు.

రెండోసారి పైకి చదువు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని. తోడు ఎవరైనా ఉంటే పాత్రలు పంచుకోండి. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది రచయిత సూచనల దగ్గర. "సూట్‌కేసు సర్దుతుంది" అని రెండే మాటలుంటాయి. స్టేజీ మీద ఆ అమ్మాయి సూట్‌కేసు మంచం మీదికి ఎత్తాలి, తెరవాలి, నాలుగు బట్టలు మడవాలి, ఒకటి తీసి పక్కన పెట్టాలి, మూత వేయాలి. నిమిషంన్నర పడుతుంది. ఆ పని మీద డైలాగులు నడుస్తుంటే నష్టం లేదు. మౌనంగా సర్దుతుందని రాస్తే ఆ నిమిషంన్నరా నీ లెక్కలో కలుపు. ఇలాంటి చోట వాచీ ఆపకుండా ఆ పని చేతులతో ఉత్తినే చేసి చూడు. పైకి చదివినప్పుడు పన్నెండు నిమిషాలు వస్తే కదలికలతో పధ్నాలుగు అని రాసుకో.

మూడోసారి పెన్సిలుతో. చేతిలోకి వచ్చే ప్రతి వస్తువు, ప్రతి చప్పుడు, లైటు మారే ప్రతి చోటు గుర్తు పెట్టు. చివర్లో కూడితే ఒక్కోసారి ఆశ్చర్యమేస్తుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే నాటికలో ఇరవై రెండు వస్తువులు, తొమ్మిది సౌండ్ క్యూలు (చప్పుడు వినిపించాల్సిన చోట్లు) తేలతాయి.

బ్లాకౌట్ల గురించి, అంటే దృశ్యం మార్చడానికి లైట్లన్నీ ఆర్పేయడం గురించి, కొంచెం ఎక్కువే చెప్పాలి, ఇప్పుడొస్తున్న స్క్రిప్టుల్లో పెద్ద జబ్బు అదే. సినిమాలు, సీరియళ్ళు చూసి రాయడం అలవాటైనవాళ్ళు అర పేజీకో దృశ్యం మారుస్తారు. తెర మీద కత్తిరింపు రెప్పపాటు. స్టేజీ మీద లైటు ఆరాలి, ఆర్టిస్టు చీకట్లో తడుముకుంటూ వెళ్ళాలి, కుర్చీ జరపాలి, మళ్ళీ లైటు రావాలి. అనుభవం లేని బృందానికి ఒక్కో బ్లాకౌటుకి పదిహేను ఇరవై సెకన్లు పడుతుంది. పది నిమిషాల్లో నాలుగుంటే నిమిషం పైన చీకటే. పోయేది నిమిషం ఒక్కటే కాదు, ప్రతి చీకట్లోనూ ప్రేక్షకుడు ఫోన్ తీస్తాడు, పక్కవాడితో మాట్లాడతాడు, మళ్ళీ అతన్ని లోపలికి లాక్కోవాలి. నువ్వు చూడాల్సింది ఆ చీకటి అవసరమా అని. ఆర్టిస్టు రెండడుగులు పక్కకి వేస్తే చోటు మారిందని తెలిసిపోయేలా రాసుంటే బ్లాకౌటు లేకుండా లాగించవచ్చు, ఆ మాట డైరెక్టరుకి నువ్విచ్చే సిఫారసు నోటులో రాయి. తెలియకపోతే, రెండు దాటిన బ్లాకౌట్లున్న పది నిమిషాల నాటికని చిన్న బృందానికి సిఫారసు చేయకు.

రెండో జబ్బు ఫోను. ఒకడు ఒంటరిగా నిలబడి, "ఏమిటీ? యాక్సిడెంటా? ఏ ఆస్పత్రి? ఇద్దరికీనా?" అంటూ అవతలివాళ్ళ మాటలన్నీ తనే తిరిగి అప్పజెబుతుంటాడు. నిజంగా ఫోన్‌లో ఎవరూ అలా మాట్లాడరు. కథలో సంగతి ప్రేక్షకుడి చెవిన వేయడానికి రచయితకి వేరే దారి దొరకలేదని అర్థం. అలాగని ఫోన్ ఉన్న ప్రతి నాటికనూ తోసేయక్కర్లేదు. ఫోన్ మోగుతున్నా ఎత్తకుండా కూర్చున్న మనిషి స్టేజీకి పనికొస్తాడు. వాట్సాప్ మెసేజీలు తెర మీద చూపించాలని రాసుంటే ప్రొజెక్టరు, దాన్ని నడిపే మనిషి, చివరి వరసకి కనపడే అక్షరాలు, మూడూ ఉన్నాయా అని అడుగు. లేకపోతే ఆ మెసేజీని పాత్ర పైకి చదివితే నాటిక నిలుస్తుందా అని చూడు.

కొత్త స్క్రిప్టుల్లో రాత పద్ధతి కూడా మారింది, తెలియకపోతే మంచి నాటిక చేజారుతుంది. డైలాగు మధ్యలో ఏటవాలు గీత కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకు. అవతలి పాత్ర సరిగ్గా అక్కడ మాట అందుకోవాలి, ఇవతలి పాత్ర ఆపకుండా కొనసాగించాలి, రెండు గొంతులూ కలిసి వినపడాలి. బ్రిటిష్ రచయిత్రి కారిల్ చర్చిల్ 1982 నాటి 'టాప్ గర్ల్స్' నుంచి ఈ పద్ధతి బాగా వ్యాప్తిలోకొచ్చింది. ఇలాంటి స్క్రిప్టు ఒక్కదానివే చదివితే గందరగోళంగా ఉంటుంది. ఇద్దరు కలిసి రెండు పేజీలు చదివి చూడకుండా తీర్పు చెప్పకు. ఆవిడదే 'లవ్ అండ్ ఇన్ఫర్మేషన్' (2012) నిండా చిన్న చిన్న దృశ్యాలే, ఏ మాట ఎవరిదో రాసి ఉండదు. ఎనిమిది మందైనా పదిహేను మందైనా పంచుకోవచ్చు, కానీ ఆ పంపకమే డైరెక్టరుకి నెల రోజుల పని. నోటులో ఆ సంగతి ఉండాలి. 'ఎ నంబర్' (2002)కి ఇద్దరు మగవాళ్ళు చాలు, కానీ అందులో ఒకడు ముగ్గురు కొడుకులుగా కనపడాలి. అంటే "ఇద్దరు ఆర్టిస్టులు" అని రాస్తే సగం నిజమే, "ఒకడు మాత్రం చాలా గట్టివాడై ఉండాలి" అని కూడా రాయాలి. 'ఫార్ అవే' (2000) గంటలోపు అయిపోతుంది, మాట్లాడే పాత్రలు మూడే. చూడగానే చిన్న బృందానికి సరిపోయేలా ఉంటుంది. మధ్యలో టోపీలు పెట్టుకున్న ఖైదీల ఊరేగింపు ఒకటి వస్తుంది. దానికి ఐదుగురు మరీ తక్కువ, పదిమంది కంటే ఇరవైమంది మేలు అని రచయిత్రే రాసింది. పాత్రల పట్టిక మాత్రమే చూసి సిఫారసు చేసినవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు.

చిన్నదంటే ఎంత చిన్నదో కూడా అడిగి తెలుసుకో. అమెరికన్ రచయిత్రి సుజాన్-లోరి పార్క్స్ 2002 నవంబరు నుంచి ఏడాది పాటు రోజుకొకటి రాసిన నాటికల్లో కొన్ని పేజీకి మించవు. అలాంటివి విడిగా వేస్తే తేలిపోతాయి, రెండు పెద్దవాటి మధ్య వేస్తే సామాను మార్చే వేళ ప్రేక్షకుణ్ణి కూర్చోబెడతాయి.

పాత్రల బరువు చూడు. అందరికంటే చిన్న పాత్ర ఏం చేస్తోంది? గ్లాసుతో నీళ్ళు తెచ్చిపెట్టి "అమ్మగారు రమ్మంటున్నారు" అని వెళ్ళిపోయే వేషానికి నెల రోజులు రిహార్సల్స్‌కి ఎవరొస్తారు? రెండోవారానికి మానేస్తారు, ప్రదర్శన రోజు ఎవరో ఒకరు స్క్రిప్టు చూడకుండా ఎక్కేస్తారు. చిన్నపిల్లల పాత్ర ఉంటే పెద్దవాళ్ళు చేయగలిగేదా అని ఆలోచించు.

ముగింపు దగ్గర ఒక పరీక్ష ఉంది. చివరి అర పేజీ మీద కాగితం కప్పి చదువు. అక్కడ ఆగినా నాటిక పూర్తయినట్టే అనిపిస్తే, ఆ అర పేజీలో రచయిత ప్రేక్షకుడికి పాఠం చెబుతున్నాడన్నమాట. అది చిన్న లోపమే, రచయితని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. అడగకుండా మీరే కొట్టేయకూడదు. మలుపు మీద నడిచే నాటికైతే, మలుపు తెలిశాక మొదటి నుంచి మళ్ళీ చదువు. ముందు మామూలుగా అనిపించిన మాటలకి ఇప్పుడు ఇంకో అర్థం తోస్తే తీసుకో. మలుపు తప్ప ఏమీ లేకపోతే ఒక్కసారి వేయడానికి పనికొస్తుంది, పదిసార్లు వేయడానికి కాదు.

స్నేహితులు రాసినవి నీ దగ్గరికి తప్పకుండా వస్తాయి. పేరున్న పేజీ తీసేసి ఇమ్మని ఎవరికైనా అప్పజెప్పు. అప్పటికీ ఎవరిదో తెలిసిపోతే, తెలుసని నోటులో రాసేయి. బహుమతి వచ్చిన నాటికల పట్ల కూడా ఇదే కట్టుబాటు పాటించు. కాగితం మీద చదివి ఇచ్చిన బహుమతి వేరు, స్టేజీ మీద చూసి ఇచ్చింది వేరు. ఏదో కనుక్కో.

నోటు ఒక్క పేజీ దాటకూడదు. ఉదాహరణకి ఇలా రాయి:

"ఇద్దరు ఆడవాళ్ళు (ఒకరు అరవై పైన), ఒక మగ. పైకి చదివితే 14 నిమిషాలు, ఆడితే 16. ఒకే చోటు, ఆస్పత్రి వరండా. బెంచీ ఒకటి, కుర్చీ ఒకటి, ఫైలు. బ్లాకౌటు లేదు. బిల్లు ఎవరు కట్టాలన్న గొడవ మీద అక్కచెల్లెళ్ళ పాత పగ బయటపడుతుంది. బలం: పెద్దావిడ ఏడో పేజీ వరకూ నోరు విప్పదు, విప్పాక అంతా తారుమారు. బలహీనత: మగ పాత్ర సంగతులు చేరవేయడానికే ఉంది. ఎక్కడ పోతుంది: మొదటి మూడు పేజీలు అరుపులతో నడిపితే తర్వాత పైకెళ్ళడానికి చోటుండదు. రచయిత నుంచి తాజా ప్రతి వచ్చింది, అనుమతి అడగాలి."

బలహీనత రాయడానికి మొహమాటపడకు. అది లేని నోటుని డైరెక్టర్లు నమ్మరు. కథ చివర ఏమవుతుందో కూడా రాయి, వాళ్ళు వేయాల్సినవాళ్ళు. ఒక్క మినహాయింపు: ఇరానియన్ రచయిత నసీమ్ సులేమాన్‌పూర్ 'వైట్ రాబిట్ రెడ్ రాబిట్' లాంటివి. అక్కడ నటుడు స్టేజీ మీదే సీలు విప్పి స్క్రిప్టు మొదటిసారి చూస్తాడు, రిహార్సలూ ఉండదు, డైరెక్టరూ ఉండడు. అలాంటిది సిఫారసు చేస్తే అందులో సంగతి నటుడి చెవిన పడకుండా చూడు.

ఇరవై చదివితే నాలుగు చాలు. పదిస్తే ఎంచుకునే పని మళ్ళీ వాళ్ళ నెత్తినే పెట్టినట్టు. నాలుగింటిలో ఒకటి వాళ్ళ స్థాయికి కాస్త మించినదై ఉండనీ. ఒకే కార్యక్రమంలో వేసేవైతే రెండు ఆస్పత్రి వరండాలు, రెండు విడాకుల గొడవలు పడకుండా చూసుకో. సామాను తక్కువున్నది ముందు, అన్నిటికంటే బరువైనది చివరిదానికి ముందు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్ళున్నారు.

అనుమతి సంగతి చివరికి వాయిదా వేయకండి. ఇప్పటి రచయితల నాటికలన్నిటికీ కాపీరైటు ఉంటుంది. కాపీరైటు గురించిన అంతర్జాతీయ ఒప్పందం, బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో రచయిత పోయాక కూడా కనీసం యాభై ఏళ్ళుంటుంది. టికెట్టు పెట్టడం లేదు కాబట్టి అడగనక్కర్లేదనుకోకండి. ఎన్ని ప్రదర్శనలు, ఏ తేదీలు, ఎంత ఇవ్వాలి, వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టవచ్చా, అనువాదానికి విడిగా అనుమతి కావాలా, మాటలు మార్చవచ్చా అని ఒకే ఉత్తరంలో అడిగేయండి. ఉచితంగా ఇచ్చేవాళ్ళూ షరతులు పెడతారు. చర్చిల్ 2009లో రాసిన పది నిమిషాల 'సెవెన్ జ్యూయిష్ చిల్డ్రన్' ఎవరైనా డబ్బు కట్టకుండా వేసుకోవచ్చు, కానీ ఆవిడ ఏజెంటుకి చెప్పాలి, టికెట్టు పెట్టకూడదు, చివర పాలస్తీనియన్ల వైద్య సహాయానికి చందా వసూలు చేయాలి. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా వేషాలు పంచవద్దని మీవాళ్ళకి చెప్పు. పంచాక కాదంటే ఆర్టిస్టుల మనసు విరుగుతుంది.

పక్కన పెట్టినవాటి నోట్లు పారేయకు. ఎందుకు వద్దనుకున్నావో ఒక్కో వాక్యం రాసి ఉంచు. "అరవై దాటిన ఆడవాళ్ళు ఇద్దరు కావాలి" అని వదిలేసిన నాటిక, వచ్చే ఏడు అలాంటి ఇద్దరు బృందంలో చేరితే మొదట పనికొచ్చేదవుతుంది.

మొదటి రెండు నోట్లు రాయగానే పంపు, చూసి చెబుతాను.

మామయ్య