డిగ్రీలు వచ్చు, ధైర్యమే చాలట్లేదు

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీఎస్సీ అయింది. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌లో రెండుసార్లూ ఇంగ్లిష్ కటాఫ్ దగ్గరే ఆగిపోయింది. యాడ్జెక్టివ్స్, డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ ఎంత చదివినా కలగాపులగం చేస్తోంది. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేర్చమంటారా, గ్రామర్ కోచింగ్ మేలా? వాళ్ళ పెదనాన్న కొడుకు కాన్వెంట్లో చదివాడు, వాడికివన్నీ ఇట్టే వచ్చేస్తాయి.
- ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోచింగ్ గురించే గానీ, మిమ్మల్ని తొలిచేస్తున్నది వేరు. తెలుగు మీడియంలో వేసి పిల్లకి అన్యాయం చేశామా అని. చేయలేదు. ఇదే బెంగతో నాకు రాసే తల్లిదండ్రులు బోలెడుమంది.

బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్ మీ అమ్మాయికి రాదంటే నేను నమ్మను. పొడుగు మాటలకు మోర్, మోస్ట్ చేర్చాలనీ, గుడ్, బ్యాడ్ లాంటి కొన్ని దారి తప్పుతాయనీ హైస్కూల్లోనే చెప్పి ఉంటారు. మార్కులు పోయేది అక్కడ కాదు, తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో. బెటర్ ముందు మళ్ళీ మోర్ పెట్టేస్తారు. 'వన్ ఆఫ్ ద బిగ్గెస్ట్' తరవాత సిటీస్ అనాల్సింది సిటీ అంటారు. సీనియర్, జూనియర్, సుపీరియర్ లాటిన్ నుంచి వచ్చినవి, వాటి పక్కన టు రావాలి, అలవాటుకొద్దీ దాన్ రాస్తారు. 'హైదరాబాద్ ఈజ్ బిగ్గర్ దాన్ ఎనీ సిటీ ఇన్ తెలంగాణ' చదవడానికి బాగానే ఉంటుంది. కానీ హైదరాబాదూ తెలంగాణలోదే కదా, తనకంటే తానే పెద్దదెలా అవుతుంది? ఎనీ అదర్ సిటీ అనాలి. ఇక 'ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ బ్యాంకింగ్' అనేవాళ్ళలో కాన్వెంట్ పిల్లలూ ఉన్నారు. మనకి ఆసక్తి ఉంటే ఇంట్రెస్టెడ్, ఆసక్తి పుట్టించేది ఇంట్రెస్టింగ్. ఇలాంటి మెలికలన్నీ కలిపినా ఒక నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు దాటవు.

స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అక్కడ చేయించేది సెల్ఫ్ ఇంట్రడక్షన్, గ్రూప్ డిస్కషన్. కాల్ సెంటర్‌కి వెళ్ళే పిల్లలకి అది అన్నం పెడుతుంది, కాదనను. కానీ మీ అమ్మాయి రాస్తున్న క్లర్కు పోస్టుకి, ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు, అసలు ఇంటర్వ్యూనే లేదు! ప్రిలిమ్స్ ఇంగ్లిష్‌లో 20 నిమిషాల్లో 30 ప్రశ్నలు చూడాలి. నోరు తిరగడం కంటే కన్ను పరుగెత్తడం ముఖ్యం. మాట్లాడటం వస్తే గ్రామర్ దానంతటదే వస్తుందని ఆ ప్రకటనల్లో రాస్తారు. వినగా వినగా వస్తుందన్న మాట నిజమే, కానీ నెల రోజుల్లో రాదు.

ఇంకో సంగతి. ఆ ఉద్యోగానికి ఏ రాష్ట్రంలోని ఖాళీలకు దరఖాస్తు పెడితే ఆ రాష్ట్ర అధికార భాష చదవడం, రాయడం, మాట్లాడటం రావాలని షరతుంది. మీరు లోపమనుకుంటున్న తెలుగు అక్కడ అర్హత. మీ బావగారి అబ్బాయి తెలుగు పేపరు తడుముకోకుండా చదువుతాడేమో ఒకసారి చూడండి. కోపం తెచ్చుకోకండి గానీ, ఆ అబ్బాయి ఊసు ఇంట్లో ఇక ఎత్తకండి. డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ పుస్తకంలో ఉంటే చాలు, భోజనాల దగ్గర వద్దు. రెండుసార్లు కటాఫ్ దాకా వెళ్ళిన పిల్ల అది. దాని ముందే 'దీనికి రాదు' అంటుంటే పరీక్ష హాల్లో తెలిసిన జవాబు మీద కూడా చెయ్యి వణుకుతుంది.

గ్రామర్ కోచింగ్ అంటారా, పరవాలేదు, మీ ఊళ్ళోనే దొరికితే. పిల్ల రాసిన వాక్యాలు దిద్ది ఇస్తారా అని అడగండి. నీళ్ళు నమిలితే తిరిగొచ్చేయండి. రోజూ చదవడానికి అందరూ ఎడిటోరియల్ చదవమంటారు. నేనైతే ముందు స్పోర్ట్స్ పేజీ అంటాను. ఫాస్టెస్ట్, హయ్యర్, వర్స్ట్ అక్కడ ప్రతి పేరాలోనూ తగులుతాయి, విసుగూ రాదు.

ఫీజు కట్టే ముందు ఒక్క పని చేయించండి. చివరి రెండు మాక్ టెస్టుల్లో పోయిన ఇంగ్లిష్ ప్రశ్నల్ని వేరుచేయమనండి: యాడ్జెక్టివ్ తెలియక పోయినవెన్ని, టైమ్ చాలక వదిలేసినవెన్ని. రెండో రకం ఎక్కువ తేలితే ఆ డబ్బుతో ఇంటికి ఒక ఇంగ్లిష్ పేపరు వేయించుకుని, మిగిలింది బ్యాంకులో వేసుకోండి.