రింగ్ కబుర్లు: హెవీవెయిట్‌లో ఇంకో గీత గీయాలా?

ప్రశ్న: సార్ నమస్తే, బాక్సింగ్‌లో 200 పౌండ్లు, అంటే దాదాపు 91 కేజీలు దాటితే చాలు అందరూ హెవీవెయిటే, పైన లిమిటే లేదు. 95 కేజీలవాడు 125 కేజీలవాడితో కొట్టుకోవాలంటే ఇదేం న్యాయం సార్? కింద కేటగిరీల్లో మాత్రం మూడు నాలుగు పౌండ్లకే విడదీస్తారు. 225 దగ్గర ఇంకో గీత గీసి పైవాళ్ళని సూపర్ హెవీ అనొచ్చు కదా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ లెక్కలో తప్పేం లేదు. కింద చూడండి, 105, 108, 112, 115, 118, అంటే పదమూడు పౌండ్లలో ఐదు కేటగిరీలు, ఐదింటికీ ఛాంపియన్లు, అది చాలదన్నట్టు ఒక్కో కేటగిరీకి నాలుగు సంస్థలు నాలుగు బెల్టులు ఇస్తాయి, వార్డుకో సర్పంచ్ ఉన్న ఊరిలా తయారైంది ప్రొఫెషనల్ బాక్సింగ్. పైకొచ్చేసరికి 175 తర్వాత ఒకేసారి 200 (దీన్నే క్రూజర్‌వెయిట్ అంటారు), ఆ తర్వాత ఇక ఆకాశమే. కాగితం మీద చూస్తే అన్యాయంగానే కనిపిస్తుంది.

కానీ మీరు అడిగిన గీత ఆల్రెడీ గీశారండి. 2020లో ఆ నాలుగు సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ వాళ్ళు 200 నుంచి 224 పౌండ్ల మధ్య బ్రిడ్జర్‌వెయిట్ అని కొత్త కేటగిరీ పెట్టారు, అమెరికాలో చెల్లెల్ని కుక్క బారి నుంచి కాపాడిన ఆరేళ్ళ పిల్లాడు బ్రిడ్జర్ వాకర్ పేరు దానికి పెట్టారు, పేరు వరకు నాకు భలే నచ్చింది. మరి దాని ఛాంపియన్ ఎవరో మీకు తెలుసా? మీ తప్పు కాదులెండి, బాక్సింగ్ రెగ్యులర్‌గా చూసేవాళ్ళలో కూడా చాలామంది చెప్పలేరు.

ఎందుకంటే ఆ బరువులో ఉన్న మంచి బాక్సర్ ఎవడూ అక్కడ ఉండట్లేదు. 2024 మే 18న రియాద్‌లో ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ బ్రిటన్ బాక్సర్ టైసన్ ఫ్యూరీని ఓడించి నాలుగు హెవీవెయిట్ బెల్టులూ పట్టుకెళ్ళాడు కదా, ఆ రోజు ఉసిక్ బరువు 223న్నర పౌండ్లు, ఫ్యూరీ 262. అంటే ఉసిక్ ఆ రోజు బ్రిడ్జర్‌వెయిట్ లిమిట్‌కి అర పౌండు లోపలే ఉన్నాడు! కావాలంటే హాయిగా ఆ బెల్ట్ కోసం ఆడుకోవచ్చు, కానీ అందులో డబ్బెక్కడిది, పేరెక్కడిది. అదే నెలలో బ్రిటన్ బాక్సర్ లారెన్స్ ఒకోలీ పోలాండ్ వెళ్ళి ఫస్ట్ రౌండ్‌లోనే ప్రత్యర్థిని పడగొట్టి ఆ బ్రిడ్జర్‌వెయిట్ బెల్ట్ గెలిచాడు, డిసెంబర్‌కల్లా దాన్ని వదిలేసి హెవీవెయిట్‌లో ఆడాడు. బెల్ట్ గెలిచినవాడే వద్దనుకుని పోయే కేటగిరీ ఎవరి కోసం చెప్పండి.

మరి క్రూజర్‌వెయిట్ ఎలా నిలబడింది అంటారేమో. అది 1979లో వచ్చింది, మొదట లిమిట్ 190, 2003లో 200 చేశారు. అక్కడ నిజంగానే పెద్ద ఖాళీ ఉండేది. పాతకాలపు ఛాంపియన్ డెంప్సీ 1919లో 187 పౌండ్లతో 245 పౌండ్ల విల్లార్డ్‌ని చితక్కొట్టాడు, 1950ల ఛాంపియన్ మార్సియానో 180 పౌండ్ల చిల్లరలోనే ఉండేవాడు, ఆ రోజుల్లో అదే హెవీవెయిట్, తర్వాత తర్వాత మనుషులు పెరిగారు, 1974లో ఆలీ, ఫోర్‌మన్ ఇద్దరూ 216, 220 అలా ఉన్నారు, 185 పౌండ్లవాడికి చోటు లేకుండా పోయింది. అందుకే క్రూజర్ పెట్టారు. పెట్టినా హోలీఫీల్డ్ అందులో గెలిచి పైకెళ్ళాడు, ఉసిక్ 2018లో నాలుగు బెల్టులూ గెలిచి పైకెళ్ళాడు. అక్కడ కూడా టాప్ వాళ్ళు ఆగరు, మధ్యలో ఇంకో మెట్టు కడితే ఆగుతారా?

ఇంకోటి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బరువు దించడానికి తిండి నీళ్ళు మానక్కర్లేని కేటగిరీ ప్రొఫెషనల్స్‌లో హెవీవెయిట్ ఒక్కటే. 224 దగ్గర గట్టిగా గీత గీస్తే 238 పౌండ్లవాడు వెంటనే ఆవిరి గదిలో కూర్చుని దిగిపోయే పని మొదలుపెడతాడు, తూకం ముందు రోజే అయిపోతుంది కాబట్టి మర్నాడు మళ్ళీ 235తో రింగ్‌లోకొస్తాడు. అప్పుడు మీ 210 పౌండ్ల చిన్నోడికి ఒరిగిందేంటి?

అలాగని సైజుతో పనే లేదని నేననను. ఫ్యూరీ, అమెరికా బాక్సర్ వైల్డర్ మ్యాచ్‌లు చూడండి, 2018లో ఫ్యూరీ 256న్నర, వైల్డర్ 212న్నర, అది డ్రా, ఫ్యూరీ రెండుసార్లు కింద పడ్డాడు కూడా. 2020లో ఫ్యూరీ 273, వైల్డర్ 231, ఏడో రౌండ్‌లో వైల్డర్ పని అయిపోయింది. తేడా ఎంతో చూడండి, మొదటిసారి 44, రెండోసారి 42, దాదాపు అంతే. మారింది ఏంటంటే ఫ్యూరీ రెండోసారి ముందుకొచ్చి కొట్టాడు, దగ్గరైనప్పుడల్లా పట్టుకుని మెడ మీద బరువంతా వేసి వాలిపోయాడు, ఒక పెద్ద మనిషిని మోస్తూ నిలబడితే కాళ్ళలో ఏముంటుంది. రెఫరీ ఐదో రౌండ్‌లో ఒక పాయింట్ కట్ చేశాడు గానీ అప్పటికే వైల్డర్ రెండుసార్లు కింద పడ్డాడు. పట్టుకుని వాలడం రూల్స్ ప్రకారం ఫౌలే, కొత్తగా రాయక్కర్లేదు, మొదటి రెండు రౌండ్లలోనే వార్నింగ్ ఇచ్చి పాయింట్ కోస్తే చాలు. మార్చాలంటే నేను మార్చేది అదొక్కటే, కేటగిరీ జోలికి వెళ్ళను. ఉసిక్‌నే చూడండి, 2024 డిసెంబర్ రీమ్యాచ్‌లో ఫ్యూరీ 281, తను 226, తేడా 55 పౌండ్లు, అయినా పట్టుకోడానికి దొరక్కుండా పక్కకి జరుగుతూ ముగ్గురు జడ్జీల దగ్గరా గెలిచాడు.

ప్రశ్న: మా బాబుకి 19 ఏళ్ళు, 94 కేజీలుంటాడు, బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. కోచ్ 90కి దిగమంటున్నారు, లేకపోతే 90 ప్లస్‌లో 120 కేజీల వాళ్ళు తగులుతారట. తిండి తగ్గించేస్తున్నాడు, భయమేస్తోందండీ. – ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీ కోచ్ చెప్పేది అమెచ్యూర్ పోటీలు నడిపే వరల్డ్ బాక్సింగ్ అనే సంస్థ వాళ్ళ 2025 కేటగిరీల గురించి, మగవాళ్ళకి పైన 85 కేజీలు, 90, ఆపైన 90 ప్లస్. పారిస్ ఒలింపిక్స్‌లో ఇదే గీత 92 దగ్గరుండేది, రెండు కేజీలు కిందికి జరిపారు, 92లో ఆడినవాళ్ళకి ఇప్పుడు మీ బాబుకొచ్చిన తలనొప్పే. పైన ఖమ్మం ఆయనకి వద్దన్నాను గానీ కుర్రాళ్ళ విషయంలో నా మాట వేరు, అనుభవం లేనివాడిని పాతిక కేజీలు ఎక్కువున్నవాడి ముందు నిలబెట్టకూడదు, ప్రాక్టీస్‌లో అసలే వద్దు. మ్యాచ్‌లో తప్పకపోయినా స్పారింగ్‌కి, అంటే ప్రాక్టీస్‌లో ఎదురెదురుగా కొట్టుకునేటప్పుడు, సరిజోడు చూడమని కోచ్‌ని మీరే అడగండి, మొహమాటపడకండి.

ఇక 94 నుంచి 90. నాలుగు కేజీలు కొవ్వు అయితే మూడు నాలుగు నెలల్లో మెల్లగా దిగొచ్చు, పొడుగ్గా సన్నగా ఉన్నవాడైతే దించొద్దు, 90 ప్లస్‌లోనే స్పీడుతో ఆడనివ్వండి. చివరి రెండు రోజుల్లో నీళ్ళు మానేయడం మాత్రం అస్సలొద్దు. మీ ఊరి నిఖత్ జరీన్ 2022లో 52 కేజీల్లో వరల్డ్ ఛాంపియన్, ఒలింపిక్స్‌లో ఆ కేటగిరీ లేక 50కి దిగాల్సొచ్చింది, పారిస్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడాక రెండు రోజులు తిండి నీళ్ళు లేవని తనే చెప్పింది. అమెచ్యూర్‌లో ఆట ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే తూకం ఉంటుంది, ఒకసారి ఎండిపోయి మళ్ళీ పుంజుకోడానికి ప్రొఫెషనల్స్‌కి దొరికినంత టైం దొరకదు. బాబుకి కళ్ళు తిరిగినా కాళ్ళు పట్టేసినా ఆ రోజు ప్రాక్టీస్ ఆపించి డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: యూఎఫ్‌సీలో, అదే గుద్దులూ కాలితన్నులూ కుస్తీ పట్లూ అన్నీ కలిపిన ఎంఎంఏ ఫైట్లలో, హెవీవెయిట్‌కి 265 పౌండ్ల పై లిమిట్ ఉంది, బాక్సింగ్‌లో ఎందుకు పెట్టరు బ్రో? – హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు

జవాబు: అక్కడ కింద పడేసి మీద కూర్చుంటారు తమ్ముడూ, బరువే సగం ఆయుధం, బాక్సింగ్‌లో పడ్డవాడిని ముట్టుకోకూడదు. 2009లో డేవిడ్ హే 217 పౌండ్లతో 316 పౌండ్ల, ఏడడుగుల వాల్యూవ్ మీద గెలిచాడు, పన్నెండు రౌండ్లూ చుట్టూ తిరుగుతూనే. మ్యాచ్ మాత్రం పరమ బోర్, యూట్యూబ్‌లో వెతికి టైం వేస్ట్ చేసుకోకు.