సోదా సీను రాసేముందు

అమ్మాయ్,

నీ కథ చదివాను. భాష బాగుంది, ఆ తల్లి పాత్ర ఇంకా బాగుంది. సోదా సీను మాత్రం తేలిపోయింది. అర్ధరాత్రి జీపు ఆగుతుంది, తలుపు బద్దలవుతుంది, కుర్రాడు "వారంటు ఉందా?" అని గర్జిస్తాడు, ఎస్సై మొహం మాడిపోతుంది. కోర్టులో వారంటు లేదన్న ఒక్క ముక్కతో కేసు కొట్టేస్తారు. ఇది మన పోలీస్ స్టేషన్లలో పుట్టిన సీను కాదు, అమెరికా కోర్టు సీరియళ్లు చూసి చూసి మన తలల్లోకి ఎక్కింది.

మన దగ్గర దర్యాప్తు అధికారి వారంటు లేకుండానే ఇల్లు సోదా చేయొచ్చు. 2024 జూలై 1న సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతుల పాత చట్టం) పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది కదా, పాత 165వ సెక్షను ఇప్పుడు 185. కాబట్టి నీ కుర్రాడు గర్జిస్తే ఎస్సై మొహం మాడదు. "185 కింద వచ్చాం, పక్కకి జరుగు" అంటాడు. అతని అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఆ వస్తువు అక్కడ ఉందని నమ్మడానికి సరైన కారణాలుండాలి. ఇంకో దారిలో వెళితే ఆలస్యమై అది చేజారిపోతుందనిపించాలి. ఆ కారణాలూ, దేనికోసం వెతుకుతున్నాడో ఆ సంగతీ బయల్దేరేముందే కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం నకలు 48 గంటలు దాటకుండా మేజిస్ట్రేటుకు చేరాలి. తాను వెళ్లలేక కిందివాణ్ని పంపితే, దానికీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఇంటివాళ్లు అర్జీ పెట్టుకుంటే మేజిస్ట్రేటు ఆ నకలు ఉచితంగా ఇప్పిస్తారు.

ఇప్పుడు చెప్పు, కుర్రాడు అరిస్తే కథా, లేక నోరు విప్పని ఆ తల్లి మూడో రోజు కోర్టుకెళ్లి నకలు అడిగితే, అలాంటి కాగితమే రాలేదని గుమాస్తా చెబితే కథా?

ఇక పంచులు, అంటే సోదాకి సాక్షులు. నీ సీనులో వాళ్లు లేనే లేరు. సంహిత 103వ సెక్షను ప్రకారం సోదాకి ముందే ఆ ప్రాంతంలో ఉండే ఇద్దరు పెద్దమనుషుల్ని, కేసుతో సంబంధం లేనివాళ్లని పిలవాలి. ఎవరూ దొరక్కపోతేనో, రామంటేనో వేరే ప్రాంతం వాళ్లని తెచ్చుకోవచ్చు. రాసినంత తేలిక కాదు ఇది. పక్కింటాయన ఎందుకొస్తాడు? రేపట్నుంచి ఆ ఇంటివాళ్ల మొహం చూడాలి. సమన్లు వస్తే తప్ప పంచు సాక్ష్యానికి రానక్కర్లేదని చట్టం అంటుంది గానీ, కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం ఊరికే పోదు. రాతపూర్వకంగా పిలిచినా సరైన కారణం లేకుండా రాకపోతే నేరం అన్న సంగతి చాలామందికి తెలీదు, తెలిసిన ఎస్సై దాన్ని వాడడు కూడా. కేకేస్తే పలికే మనిషిని పట్టుకొస్తాడు, లేదా వీఆర్వోకి ఫోన్ చేస్తాడు. రెండేళ్ల తర్వాత డిఫెన్సు లాయరు తాపీగా లేచి "అయ్యా, ఇంతవరకూ ఎన్ని పంచనామాల్లో సంతకం పెట్టారు?" అని అడుగుతాడు. కోర్టు హాల్లో గొంతు పెంచకుండా వేసే ఇలాంటి ప్రశ్నల మీద నాకు తగని మోజు.

సోదా జరిగే గదిని కూడా ఒకసారి చూడు. వెతికేవాళ్లు ఇద్దరే, మిగతాదంతా రాత. స్టేషన్ రైటరు మంచం అంచున కూర్చుని అట్ట మీద కాగితం పెట్టుకుని రాస్తుంటాడు. ఏం దొరికిందో రాస్తే చాలదు, ఎక్కడ దొరికిందో కూడా రాయాలి: "వంటగది, తూర్పు గోడ, కింది అర, బియ్యం డబ్బా వెనక." ఇంటివాళ్లు దగ్గరుండి చూడొచ్చు, జాబితా నకలు వాళ్లకివ్వాలి. ఆడమనిషిని ఆడమనిషే, మర్యాద తప్పకుండా సోదా చేయాలి. నీ కథలో తల్లిని బయట కూర్చోబెట్టారు. అది తప్పని నీ పాత్రల్లో ఒక్కరికైనా తెలియాలి. ముఖ్యంగా అక్కడున్న కానిస్టేబుల్ అమ్మాయికి.

ఇంకొకటి. కథ ఈ కాలంలో నడుస్తోంది, ఒక్క కెమెరా లేదు. కొత్త సంహిత 105వ సెక్షను ప్రకారం సోదా మొత్తం, జాబితా రాయడం, పంచులు సంతకాలు పెట్టడం దాకా వీడియో తీయాలి, వీలైతే మొబైల్‌తోనే. ఆ వీడియో ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు వెళ్లాలి. వెతుకుతుండగా ఎస్సైకి పైఅధికారి ఫోన్ చేశాడనుకో, రికార్డింగు ఆగింది. మళ్లీ మొదలయ్యేసరికి పొట్లం బల్ల మీదుంది. మధ్యలో ఏం జరిగిందో నువ్వు చెప్పకు.

నీ పొట్లంలో ఉన్నది గంజాయి కాబట్టి 1985 నాటి మత్తుపదార్థాల ఎన్‌డీపీఎస్ చట్టం కూడా వస్తుంది, అది ఇంకా బిగువు. మనిషి ఒంటిమీద వెతికేముందు "గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా చేయమని అడిగే హక్కు నీకుంది" అని చెప్పి తీరాలి, 50వ సెక్షను. చెప్పకపోతే, ఆ దొరికిన సరుకొక్కటే ఆధారమైన శిక్ష నిలబడదని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఉజ్జాయింపుగా పాటిస్తే కుదరదని 2010లో ఇంకో ధర్మాసనం తేల్చింది. ఈ హక్కు గురించి ఇద్దరికీ కలిపి ఒకే నోటీసు ఇస్తే చెల్లదని 2014లో పరమానంద్ కేసు. నీ కథలో పట్టుబడింది ఇద్దరే కదా! పైగా ఈ 50వ సెక్షను ఒంటికే, చేతిలోని సంచికి కాదని 2005లో పవన్ కుమార్ కేసులో అన్నారు. అందుకే పొట్లం జేబులో దొరికిందా, సంచిలో దొరికిందా అన్నది అలవోకగా రాసే వాక్యం కాదు. కుర్రాడి పదేళ్లు అందులో ఉండొచ్చు.

కానీ అన్ని కేసులూ ఇలా కూలవు. సోదాలో లోపం ఉన్నంత మాత్రాన దొరికిన సాక్ష్యం చెల్లకుండా పోదని 1973లో పూరణ్‌మల్ కేసులోనే సుప్రీంకోర్టు అంది. లోపం వల్ల నమ్మకం సడలుతుంది, జడ్జి ఆ సాక్ష్యాన్ని ఇంకాస్త అనుమానంగా చూస్తాడు, అంతే. ఒక్కోసారి శిక్షా పడుతుంది. నీ ముగింపు నాకు నచ్చకపోవడానికి ఇదీ ఒక కారణం. చట్టం తప్పిన పోలీసూ, నిజంగానే గంజాయి అమ్మిన కుర్రాడూ ఒకే కథలో ఉంటే ఎవరి పక్షాన నిలబడాలో పాఠకుడికి తేలకూడదు.

కుర్రాడి ఫోన్ లాక్కుని వాట్సాప్ చూసే పేరా ఉంచు, బాగుంది. దారిన పోయేవాణ్ని ఆపి చాటింగులు తిప్పి చూడమని ఏ సెక్షనూ చెప్పదు. 1954లో ఎనిమిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు సోదాలకి ఎదురుగా గోప్యత హక్కు మన రాజ్యాంగంలో లేదన్నారు, 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది కూర్చుని ఆ మాట తిప్పేశారు. ఇదంతా కథలో పెట్టకు, నీకు తెలిసుంటే చాలు.

తిరగరాసేముందు ఓ పని చెయ్యి. దగ్గర్లోని సెషన్సు కోర్టుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చో. విచారణలు సాధారణంగా బహిరంగంగానే జరుగుతాయి, ఎవరూ ఆపరు. పంచు సాక్షి బోనెక్కే రోజు కనుక్కుని వెళ్లు. సంతకం తనదేనంటాడు, కాగితంలో ఏముందో చదవలేదంటాడు, ఎక్కడ పెట్టావంటే స్టేషన్లోనంటాడు. పబ్లిక్ ప్రాసిక్యూటరు అప్పుడేం చేస్తాడో, జడ్జి తల ఎత్తుతాడో లేదో చూసి రాసుకో. ఆ తర్వాత రెండో డ్రాఫ్టు పంపు, నిడివి పెరిగినా ఫర్వాలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు