మారే ఉద్దేశంతో చేరేటప్పుడు ఏ కాలేజీ మేలు?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో స్థిరపడ్డాం. మా అమ్మాయి ఈ జూన్‌లో హైస్కూలు పూర్తి చేస్తుంది. కంప్యూటర్ సైన్స్ చదవాలని తన కోరిక. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) ప్రాంగణాల్లో సీటు రాలేదు. వేరొక నాలుగేళ్ల విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రంలో వచ్చింది. రెండేళ్లు అక్కడ చదివి యూసీకి మారతానని అంటోంది. మావారు మాత్రం ఇంటికి దగ్గరలో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో, అంటే మొదటి రెండేళ్ల చదువు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీలో చేర్చి, అక్కడినుంచి మార్పిద్దామంటున్నారు. ఇన్ని మార్కులు తెచ్చుకున్న పిల్లను కమ్యూనిటీ కాలేజీకి పంపుతారా అని బంధువులు అడుగుతుంటే నాకు మనసొప్పడం లేదు. ఏది మంచిదో చెప్పగలరా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఆ విశ్వవిద్యాలయంలో చేరకముందే అక్కడినుంచి వెళ్లిపోవాలని అనుకుంటోంది. నా సలహాకు ఆధారం ఆ సంగతే. యూసీకి మారాలన్న కోరిక గట్టిదైతే కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీయే సరైన దారి. యూసీకి మారడం కుదరకపోయినా నాలుగేళ్లూ అక్కడే సంతోషంగా చదువుకోగలనని ఆమె అనగలిగితే, వచ్చిన సీటును వదులుకోనక్కరలేదు.

ఇలా చెప్పడానికి కారణం ఈ రాష్ట్రపు నిబంధనల్లోనే ఉంది. 1960లో రూపొందించిన ఉన్నత విద్యా ప్రణాళిక నాటినుంచి, మొదటి రెండేళ్ల చదువు కమ్యూనిటీ కాలేజీలో ముగించి మూడో ఏడాదిలో విశ్వవిద్యాలయానికి మారడమన్నది ఇక్కడ రాజమార్గంగా ఉంది. మూడో ఏడాదిలో చేర్చుకునే విద్యార్థుల్లో యూసీ మొదటి ప్రాధాన్యం రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీల వారికే ఇస్తుంది. ఇతర నాలుగేళ్ల విశ్వవిద్యాలయాలనుంచి వచ్చేవారు, చివరికి ఒక యూసీ ప్రాంగణంనుంచి మరో యూసీ ప్రాంగణానికి మారదలచినవారు కూడా, ఆ తరవాతి వరుసలోనే ఉంటారు. ఒక ఏడాది విశ్వవిద్యాలయంలో చదివి, మనసు మార్చుకొని కమ్యూనిటీ కాలేజీకి వచ్చినా ఆ ప్రాధాన్యం వెంటనే దక్కదు. కనీసం 30 సెమిస్టరు యూనిట్లు, అంటే దాదాపు ఒక ఏడాది చదువు, కమ్యూనిటీ కాలేజీలో పూర్తిచేసి, యూసీకి మారేముందు, వేసవి మినహా, చివరి టర్ము కూడా అక్కడే చదివి ఉండాలి.

దీనికి తోడు ట్యాగ్ అనే ప్రవేశ హామీ ఒకటి ఉంది. నిర్ణీత కోర్సులు, గ్రేడ్లు సాధించిన కమ్యూనిటీ కాలేజీ విద్యార్థికి యూసీ వారి డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ప్రాంగణాల్లో ఏదో ఒకదానిలో సీటు ఇస్తామన్న హామీ ఇది. దీనికి సెప్టెంబరు నెలలోనే దరఖాస్తు చేయాలి. బర్క్‌లీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియేగో ప్రాంగణాలు ఇందులో లేవు. ఉన్నవాటిలోనూ కొన్ని కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ వంటి శాఖలను మినహాయించాయి కాబట్టి, మీ అమ్మాయి ఈ హామీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

నిజంగా శ్రద్ధ పెట్టవలసింది కోర్సుల వరుస మీద. రెండేళ్లు అని మనం అనుకుంటాం గాని, యూసీకి దరఖాస్తు వేయవలసింది రెండో ఏడాది శరదృతువులోనే. అప్పటికి చేతిలో ఉండేవి మొదటి ఏడాది గ్రేడ్లు, మహా అయితే ఒక వేసవి కోర్సు గ్రేడు. కంప్యూటర్ సైన్స్‌కు కావలసిన కోర్సులు గొలుసు కట్టులా ఉంటాయి: క్యాల్క్యులస్ మొదటి భాగం కానిదే రెండోది తీసుకోనివ్వరు, ప్రోగ్రామింగ్ తొలి కోర్సు కానిదే డేటా స్ట్రక్చర్స్ తీసుకోనివ్వరు. మొదటి టర్ములో ఒక కోర్సులో చోటు దొరకకపోతే గొలుసంతా వెనక్కి జరిగి, ఒక్కోసారి ఏడాది ఆలస్యమవుతుంది. హైస్కూలులోనే రాసే కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్యాల్క్యులస్ పరీక్షలో మంచి స్కోరు ఉంటే ఒకటి రెండు మెట్లు కలిసివస్తాయి. పైగా ప్రాంగణాల అవసరాలు ఒకేలా ఉండవు, ఒకచోట అడిగిన కోర్సు మరొకచోట అక్కరకు రాకపోవచ్చు. ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ ప్రాంగణంలో దేనికి సమానమో తెలిపే అధికారిక జాబితా అసిస్ట్ అనే వెబ్‌సైటులో ఉంది. కాలేజీలో సలహాలిచ్చే కౌన్సెలరును కలవండి, కాని ఆయనకు ఎందరో విద్యార్థులుంటారు కాబట్టి ఆ జాబితాను మీ అమ్మాయే స్వయంగా చదివి, మొదటి సెమిస్టరుకు ముందే నాలుగు సెమిస్టర్ల ప్రణాళిక కాగితం మీద రాసుకోవాలి.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రాష్ట్ర నివాసులకు కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కు 46 డాలర్లు, అంటే ఏడాదికి 30 యూనిట్లకు 1,380 డాలర్లు. యూసీలో ట్యూషను, ఫీజులే ఏడాదికి 15 వేల డాలర్ల పైమాటే.

అయితే మీ భయాన్ని నేను తేలిగ్గా తీసివేయడం లేదు. అమెరికా మొత్తం మీద కమ్యూనిటీ కాలేజీలో చేరినవారిలో ఆరేళ్లలో నాలుగేళ్ల కాలేజీకి మారేది సుమారు మూడో వంతు మందే, ఆ ఆరేళ్లలోనే బ్యాచిలర్ పట్టా దాకా వెళ్లేది వందకు 16 మంది. వీరిలో ఉద్యోగం చేస్తూ, కుటుంబాన్ని పోషిస్తూ ఒకటి రెండు కోర్సులే చదివేవారు ఎందరో ఉంటారు కాబట్టి, పూర్తికాలం చదివే మీ అమ్మాయికి ఈ లెక్క యథాతథంగా వర్తించదు. కాని చుట్టూ ఉన్నవారిలో చాలామంది మధ్యలోనే ఆగిపోతున్నచోట తన వేగం తాను నిలబెట్టుకోవడం పద్దెనిమిదేళ్ల పిల్లకు సులువు కాదు. ఎవరో వెనకనుంచి తరుముతుంటే తప్ప పుస్తకం తీయని స్వభావమైతే, తోటివారంతా నాలుగేళ్ల చదువుకు వచ్చిన చోటే ఆమెకు మేలు. ఆ స్వభావం మీకు తెలిసినంతగా నాకు తెలియదు.

బంధువుల మాట మిమ్మల్ని బాధపెట్టిందని ఉత్తరంలోనే తెలుస్తోంది. పట్టా మీద ఉండేది చివరి రెండేళ్లు చదివిన విశ్వవిద్యాలయం పేరే. మూడో ఏడాది ప్రవేశానికి యూసీ ప్రధానంగా చూసేది కాలేజీ గ్రేడ్లనే కాబట్టి, హైస్కూలులో అందని సీటుకు మీ అమ్మాయి మళ్లీ మొదటినుంచి పోటీపడవచ్చు. ఈ రెండో అవకాశాన్ని చిన్నచూపు చూడవలసిన పని లేదు.

నిర్ణయానికి ముందు ఒక్క పని చేయండి. సీటు ఇచ్చిన విశ్వవిద్యాలయానికి ఈ వారమే ఈమెయిల్ రాసి, జీవశాస్త్రంలో చేరినవారు అక్కడే కంప్యూటర్ సైన్స్‌కు మారవచ్చునా, మారాలంటే ఏ కోర్సుల్లో ఏ గ్రేడ్లు కావాలి, అవి సాధించినవారందరికీ సీటు ఇస్తారా, ఉన్న ఖాళీలను బట్టి కొందరినే తీసుకుంటారా అని అడగండి. చాలా విశ్వవిద్యాలయాలకు అంగీకారం తెలపడానికి గడువు మే 1 కాబట్టి జవాబు అంతకుముందే తెప్పించుకోండి. అందరికీ ఇస్తామని వారు రాతపూర్వకంగా చెబితే, యూసీ మాట పక్కన పెట్టి అక్కడే చేరడం గురించి మీ అమ్మాయితో మళ్లీ మాట్లాడండి. అలా చెప్పకపోతే మీవారి సలహానే పాటించండి.