అమ్మాయికి, ఇంటి వడ్డీ రాయితీ విషయమై

చి॥ సౌ॥ అమ్మలుకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

రాజమహేంద్రవరంలో ఫ్లాటు చూసుకున్నారనీ, ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద వడ్డీ రాయితీకి దరఖాస్తు పెడుతున్నారనీ మీ అమ్మ చెప్పింది. మన ఇంటి ఆడపిల్లల్లో సొంత సంపాదన మీద ఇల్లు కొంటున్నది నువ్వే మొదలు. సంతోషించాను, వెంటనే భయమూ వేసింది.

అంకెలు బ్యాంకువారే చెబుతారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షలు, ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటరాదు. రాయితీ గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ అయిదు వార్షిక వాయిదాలలో అప్పు ఖాతాకు జమ అవుతుందే తప్ప చేతికి రాదు కనుక, అడ్వాన్సుకు తగ్గిన సొమ్ము దానితో పూడ్చవచ్చని అల్లుడుగారు అనుకుంటూ ఉంటే ఆ ఆశ మానుకోమను.

నా భయమంతా కుటుంబంలో ఎవరి పేరనా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండరాదన్న నిబంధన గురించే. అక్కడ కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. అందుచేత మీ నాన్న పేరనున్న డాబా నీకు అడ్డు కాదు. 1996 తుఫానుకు తాటాకిల్లు ఎగిరిపోయాక ఆయనకు ప్రభుత్వం ఇచ్చిన ఇల్లూ అడ్డు కాదు. మీ కుటుంబం గడచిన 20 ఏళ్లలో పొందిన ఇళ్ల సాయాన్నే చూస్తారు.

మీ చిన్నాన్న సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. 2015 నాటి పాత పథకంలో, కాకినాడలో ఫ్లాటు కొంటూ, తమకు ఎక్కడా ఇల్లు లేదని ప్రమాణపత్రం మీద సంతకం చేశాడు. అబద్ధమాడే మనిషి కాడు. పాలకొల్లులో మీ పిన్నికి పుట్టింటివారు పసుపుకుంకుమ కింద వ్రాసిచ్చిన రెండు గదుల డాబా వాడి దృష్టిలో అత్తవారి సొత్తు. అద్దె కూడా వాళ్ల అత్తగారే పుచ్చుకునేది. ఇంటి పన్ను రసీదు మాత్రం పిన్ని పేరన వచ్చేది. విచారణలో అది బయటపడి దరఖాస్తు తిరిగివచ్చింది. రాయితీని నమ్ముకుని స్తోమతుకు మించిన ఫ్లాటు ఒప్పుకున్నాడేమో, కొన్నేళ్లపాటు కొబ్బరి దింపు డబ్బంతా వాయిదాలకే పోయింది. ఆ రసీదు నా ముందు పెట్టి, "ఇది ఇల్లా, పసుపుకుంకుమా, అన్నయ్యా?" అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

ఇదంతా ఎందుకంటే, అంబాజీపేట ఇంట్లో సగం నీకు వ్రాసిస్తానని మొన్న సంక్రాంతికి మీ నాన్న అన్నాడు. వాడిది తొందర చెయ్యి. రిజిస్టరు అయిపోయి ఉంటే రాయితీ మాట మరచిపో తల్లీ, ఆ 1.80 లక్షలు మేమే ఎలాగో సర్దుతాము. ఆ ఇంటికి ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే పత్రం, తీయించమని మీ అమ్మతో చెప్పాను. అది నీ చేతికి వచ్చేదాకా ఏ ప్రమాణపత్రం మీదా సంతకం పెట్టకు.