ప్లాటు అమ్మి రేస్ డ్రైవర్‌ని చెయ్యమంటారా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాబుకి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. 2023లో హైదరాబాద్‌లో ఫార్ములా-ఈ (కరెంటు కార్ల రేసు) చూసొచ్చినప్పటి నుంచి రేస్ డ్రైవరే అవుతానంటున్నాడు. చదువు మీద ధ్యాస లేదు. డ్రైవింగ్ మాత్రం బ్రహ్మాండం. 14 ఏళ్లకే మా కారు నేర్చుకున్నాడు, హైదరాబాద్ హైవే మీద 140లో పోయినా చెయ్యి వణకదు. ఒక రేసింగ్ అకాడమీ వాళ్లు ఐదేళ్లలో ఫార్ములా 1 దాకా, అంటే కార్ల రేసుల్లో అన్నిటికంటే పై మెట్టు దాకా తీసుకెళ్తామంటున్నారు. మడికొండ దగ్గర ప్లాటు ఉంది, అమ్మి పంపాలా? బీటెక్ ఆటోమొబైల్‌లో చేర్పించాలా? రెండూ పోల్చి చెప్పండి. వద్దంటే జీవితాంతం నన్నే అంటాడేమోనని భయంగా ఉంది.

జవాబు: మీరు అసలు అడగాలనుకున్నది ఆ చివరి వాక్యమే. పోలిక తర్వాత చూద్దాం. ఒకప్పుడు క్రికెట్ గురించి, మొన్నటిదాకా యూట్యూబ్ గురించి ఇదే భయంతో చాలామంది నా దగ్గరకొచ్చారు. పిల్లాడి దగ్గర చెడ్డ కావడం ఇష్టంలేక ఆస్తి అమ్మడానికి సిద్ధపడే తల్లిదండ్రులు ఈమధ్య ఎక్కువయ్యారు. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: ప్లాటు అమ్మకండి. మీరు వద్దన్నందుకు వాడి కల చచ్చిపోదు. ఎందుకో వినండి.

ఇప్పటిదాకా ఫార్ములా 1 రేసుల్లో నడిపిన భారతీయులు ఇద్దరే. 2005లో నరేన్ కార్తికేయన్, 2010లో కరుణ్ చందోక్. ఇద్దరి తండ్రులూ కారు ర్యాలీ పోటీల డ్రైవర్లే. అంటే ఇంట్లో ఆ లోకం ముందే ఉంది. ఫార్ములా 1 ఛాంపియన్ లూయిస్ హామిల్టన్ ఎనిమిదేళ్లకు కార్టింగ్ (పిల్లలు మొదలుపెట్టే చిన్న బండ్ల రేసు) మొదలుపెడితే పదమూడేళ్లకే మెక్‌లారెన్ టీము చేరదీసింది. హనుమకొండలో ఎనిమిదేళ్ల పిల్లాణ్ని ఏ ట్రాక్‌కి తీసుకెళ్లేవారు మీరు? దీన్ని మీ లోటుగా ఎందుకు మోస్తున్నారు?

ఇక ఆ 'ఐదేళ్ల' మాట. ఫార్ములా 1 నడపాలంటే సూపర్ లైసెన్స్ కావాలి. దానికి సాధారణంగా 18 ఏళ్లు నిండాలి, మూడు సీజన్లలో 40 పాయింట్లు రావాలి. కింది మెట్టు ఫార్ములా 4లో ఛాంపియన్‌గా గెలిచినా వచ్చేవి 12. ఫార్ములా 1కి సరిగ్గా కింద ఉండే ఫార్ములా 2లో మొదటి మూడు స్థానాల్లో నిలిస్తే 40 వస్తాయి. ఈ మెట్లన్నిటి మీదా సీటు ఖర్చు, అంటే టీములో చోటు ఖర్చు, సాధారణంగా డ్రైవర్ తరఫు వాళ్లే పెట్టుకోవాలి. ఇక్కడి కార్టింగ్ సీజనే లక్షల్లో ఉంటుంది: టైర్లు, ఇంజిన్, మెకానిక్, ఎంట్రీ ఫీజు, ప్రయాణాలు. యూరప్‌లో ఫార్ములా 4 ఒక్క సీజన్‌కే కోట్లు. మీ ప్లాటు డబ్బు అక్కడ ఏడాది కూడా ఆగదు. ఇన్ని చేసినా, 2026లో కొత్త టీము చేరాక కూడా ప్రపంచం మొత్తానికి ఉన్నవి 22 సీట్లు.

ఫార్ములా 1 డ్రైవర్ ఎస్తెబాన్ ఒకాన్ తల్లిదండ్రులు ఇల్లు అమ్మి కారవాన్‌లో బతికారు కదా అని మీ వాడు అంటాడు. నిజమే. కానీ ఆ పిల్లాడు అప్పటికే కార్టింగ్‌లో గెలుస్తున్నాడు, తర్వాత పెద్ద టీముల అండ దొరికింది. ఇల్లు అమ్మి ఏమీ మిగలనివాళ్ల కథలు అకాడమీ వాళ్లు చెప్పరు.

రేసింగ్ చెడ్డదని నేననడం లేదు. గౌరవ్ గిల్ కారు ర్యాలీల్లో గెలిచి 2019లో అర్జున అవార్డు అందుకున్నాడు. నా అనుమానమంతా ఈ అకాడమీల మోజు మీద. నెక్లెస్ రోడ్డు మీద మీ వాడు చూసిన ఆ ఒక్క రేసు జరిగింది, మరుసటి ఏడాది జరగాల్సింది రద్దయింది. అయినా ఆ ఒక్కరోజు హడావుడిని చూపించి ఇంకా ఫీజులు వసూలు చేస్తున్నారు.

ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట. 14 ఏళ్లకు కారు నేర్పించడం, 140లో పోయాడని నాకు గొప్పగా రాయడం ఏమిటండీ? హైవే మీద 140లో పోవడం నైపుణ్యం కాదు, ఏం జరగొచ్చో తెలియకపోవడం. ట్రాక్ మీద ఎదురుగా ట్రాక్టర్ రాదు, గేదె అడ్డం రాదు. రేసులో చూసేది ఎక్కడ బ్రేక్ వేశాడు, ప్రతి ల్యాపూ అదే టైములో వచ్చాడా అన్నది. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మైనర్ నడుపుతూ దొరికితే మీకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. వాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. రేసర్ కావాలనుకునేవాడికి మీరు చేస్తున్న మేలు ఇదా? తాళం ఈ రాత్రే తీసుకోండి, అలిగితే అలగనివ్వండి.

పోలిక అడిగారు కదా. ఒకటి చదివి జీతం తెచ్చుకునే పని. రెండోది చాలా ఏళ్లపాటు మీరే ఎదురు డబ్బులిచ్చి చేయించే పని. ఇంతకంటే పోల్చడానికి పెద్దగా లేదు. బీటెక్ అయితే 'ఆటోమొబైల్' పేరు చూసి మోసపోకండి, మెకానికల్ గానీ ఈసీఈ గానీ మేలు. ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా కారు తయారుచేసి పోటీకి దించే ఫార్ములా భారత్, బాజా లాంటివి ఉన్నాయి. టీముల్లో స్టీరింగ్ పట్టేవాడు కూడా విద్యార్థే. కాలేజీ ఎంచుకునేటప్పుడు అలాంటి టీముందా అని అడగండి. ఆ అనుభవంతో పుణేలోని ఏఆర్ఏఐ, పీథంపూర్‌లోని నాట్రాక్స్ లాంటి పరీక్షా కేంద్రాల వైపు, కార్ల కంపెనీల టెస్టింగ్ విభాగాల వైపు దారి ఉంటుంది. డ్రైవింగే బతుకుతెరువు కావాలంటే మన సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో డ్రైవింగ్ శిక్షణ కేంద్రం ఉంది. మీ వాడు ముఖం చిట్లిస్తాడనుకోండి.

వద్దు అని ఊరుకోకండి, వాడికి ఒక అవకాశం ఇవ్వండి. ఫస్టియర్ పరీక్షలయ్యాక వేసవిలో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో గానీ కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో గానీ మొదటి స్థాయి రేసింగ్ శిక్షణకు పంపండి, వెంట మీరూ వెళ్లండి. దానికి ప్లాటు అమ్మక్కర్లేదు. ల్యాప్ టైములు చూశాక కోచ్‌తో వాడినే మాట్లాడనివ్వండి. బాపు కాదన్నాడు అనడం వేరు, గడియారం కాదంది అనడం వేరు. టైములు నిజంగా బాగుంటే ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశంలో మోటార్ రేసింగ్‌ను చూసే సంస్థ) లైసెన్స్, తర్వాతి ఖర్చులకు స్పాన్సర్ల సంగతి అప్పుడు చూద్దాం.

ఈలోగా ఆ అకాడమీని మూడు విషయాలు కాగితం మీద రాసిమ్మనండి: వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు ఏ ఛాంపియన్‌షిప్‌లో నడుపుతున్నారు, సీటు ఖర్చు ఎవరు పెట్టారు, మధ్యలో మానేస్తే డబ్బు ఎంత వెనక్కిస్తారు. రాసిస్తే ఆ కాగితం నాకు పంపండి, చూసి చెబుతాను. ఇవ్వకపోతే అడ్వాన్స్ కూడా కట్టకండి.